డెస్సా నేపియర్ రెండో చదువు

మా కాలేజీలో ఆరోగ్య శాస్త్రాల మాస్టర్స్ అని ఒక ఏడాది చదువు ఉంది. డాక్టరో, పళ్ళ డాక్టరో కావాలని ఉండి, పాత మార్కులు అడ్డుపడి గుమ్మం దగ్గరే ఆగిపోయిన వాళ్ళు అందులో చేరతారు. మెడికల్ కాలేజీ మొదటి ఏడాది పిల్లల పక్కన కూర్చుని అవే పాఠాలు వింటారు, అవే పరీక్షలు రాస్తారు. మంచి మార్కులు వస్తే పాత మచ్చ కొంత మాసిపోతుంది. రాకపోతే ఆ తలుపు ఇక తెరుచుకోదు. ఆ విభాగం ఆఫీసులో ముందు బల్ల దగ్గర కూర్చునే గుమస్తాను నేను. పేరు లొరీన్ ట్యాకెట్. పందొమ్మిదేళ్ళలో నాలుగు వందల మంది పైగా నా కళ్ళ ముందు నుంచి వెళ్ళారు. చాలా మంది మొహాలు గుర్తులేవు. డెస్సా నేపియర్ అలా కాదు.

ఆగస్టులో కొత్తవాళ్ళు చేరే రోజున ఆమె తలుపు తీసుకుని వచ్చింది. పొడుగ్గా ఉంది. జుట్టు వెనక్కి లాగి రబ్బరుబ్యాండు వేసుకుంది. ఇస్త్రీ చేసిన చొక్కా, బురద అంటిన బూట్లు.

"చెల్లెల్ని దింపడానికి వచ్చావామ్మా? ఇంటివాళ్ళకి కాఫీ ఆ పక్కగదిలో పెట్టాం" అన్నాను.

"కాఫీ ఇస్తే తాగుతానండీ. చదువుకోడానికి వచ్చింది మాత్రం నేనే" అంది. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమె నవ్వేసింది. "నన్ను నేనే నమ్మలేకపోతున్నా, మిమ్మల్నేమంటాను. ట్రక్కు ఎక్కడ పెట్టాలో చెప్పండి చాలు."

ఆ ఏడు చేరిన ఇరవై రెండు మందిలో ఇరవై ఒక్కరికి పాతికేళ్ళు దాటలేదు. డెస్సాకి ముప్పై ఆరు.

ఆమెది కెంటకీ తూర్పు కొండల్లో రెడ్‌బర్డ్ లోయ పైన, రోడ్డు ఆగిపోయే చోట ఉన్న ఇల్లు. మా అత్తగారిది ఆ పక్క లోయే. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి నన్ను పిన్నీ అని పిలవడం మొదలుపెట్టింది. తండ్రి హోబర్ట్ ముప్పై ఏళ్ళు బొగ్గు గనిలో పనిచేసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. తల్లి డెస్సా చిన్నప్పుడే పోయింది. పద్దెనిమిదో ఏట డెస్సా కాలేజీలో చేరింది, రెండేళ్ళలో బయటికి వచ్చింది. ఎందుకని అడిగితే తండ్రి జబ్బు మీదికి తోసెయ్యొచ్చు. ఆమె అలా చెయ్యలేదు. "అప్పుడు చదవలేదు పిన్నీ. ఒక కుర్రాడి కారులో తిరిగాను. కెమిస్ట్రీలో తప్పాను. ఇంకో రెండిట్లో ఎలాగో గట్టెక్కాను, అంతే" అంది.

తరవాత ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క పళ్ళ డాక్టరు ఆర్విల్ స్టాంపర్ దగ్గర సహాయకురాలిగా చేరింది. పద్నాలుగేళ్ళు ఆయన పక్కన నిలబడి లైటు పట్టుకుంది, ఉమ్మి లాగింది, కట్టుడు పళ్ళకు అచ్చులు తీసింది. ఆ కొండల్లో నలభై ఏళ్ళకే నోట్లో పళ్ళు లేని వాళ్ళు కోకొల్లలు. తర్వాతి డాక్టరు కావాలంటే గంటన్నర ప్రయాణం. స్టాంపర్‌గారికి డెబ్బై దాటింది. ఆయన తరవాత ఎవరూ రారని ఊరంతటికీ తెలుసు. మధ్యలో డెస్సా సాయంత్రం క్లాసులకు వెళ్ళి, పదేళ్ళు పట్టినా, మొదటి డిగ్రీ పూర్తిచేసింది. ఒకరోజు స్టాంపర్‌గారు చేతులు కడుక్కుంటూ, "నువ్వు నాకంటే ముందే జబ్బు కనిపెడుతున్నావు. నేను చెప్పేదాకా నోరు మూసుకుని నిలబడుతున్నావు. ఇది ఎంతకాలం?" అన్నారట.

రెండుసార్లు దంతవైద్య కాలేజీకి దరఖాస్తు పెట్టింది. రెండుసార్లూ వద్దన్నారు. రెండోసారి అక్కడి ఆవిడ ఒకరు దయతలచి ఫోన్‌లో ఉన్నమాట చెప్పింది: "నీ చేతి పని గురించి మాకు అనుమానం లేదు. పద్దెనిమిదేళ్ళప్పటి మార్కులు చూసి మావాళ్ళు భయపడుతున్నారు. పెద్ద చదువు తట్టుకోగలనని ఒక ఏడాది చదివి చూపించు." అలా మా దగ్గరికి వచ్చింది. చేరుతూనే మూడోసారి దరఖాస్తు కూడా పెట్టింది.

బయలుదేరే ముందు తండ్రి, "ముప్పై ఆరేళ్ళకి పలకా బలపం పట్టుకుంటున్నావన్నమాట" అన్నాడట.

"అవును నాన్నా. నువ్వు ఆ వయసులో ఏం పట్టుకున్నావు?"

"పార."

"పలకే తేలిక."

తేలికేం కాలేదు. ఆరు వారాలకు మొదటి పరీక్షలు వచ్చాయి. అనాటమీలో డెబ్బై ఒకటి. బయోకెమిస్ట్రీలో యాభై నాలుగు. ఆ పేపర్ల మీద ఆమె పేరు నేనే సరిచూశాను కాబట్టి నాకు ముందే తెలుసు. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి నా బల్ల ముందు నిలబడింది.

"పిన్నీ, చదువు మానుకునేవాళ్ళకి ఏదో ఫారం ఉంటుందట కదా. అది ఇవ్వు."

నేను సొరుగు తీసి ఇచ్చాను. ఇవ్వకపోవడానికి నేనెవర్ని. "దీని మీద ప్రూయిట్ మేడమ్ సంతకం కావాలి" అన్నాను. ఇమోజీన్ ప్రూయిట్ మా విభాగానికి పెద్ద.

"ఉన్నారా లోపల?"

"లేరు. గురువారం దాకా రారు."

అది అబద్ధం. ఆవిడ నా వెనక గదిలోనే కూర్చుని సాండ్‌విచ్ తింటోంది. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి అలా చెప్పడం అదే మొదలు. డెస్సా ఫారం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయింది. తలుపు చాటు నుంచి ప్రూయిట్ మేడమ్ అడిగింది: "లొరీన్, నేనెక్కడికి వెళ్ళానట?"

"గురువారం దాకా మీ ఇష్టమండీ. ఆ పిల్ల ఎదురుపడితే మాత్రం కనిపించకండి."

ఆవిడ మూడు రోజులు వెనక మెట్లమీదుగా వచ్చింది. ఆ మాట ఆవిడకి ఇప్పటికీ గుర్తుచేస్తుంటాను.

ఆ మూడు రోజుల్లో జరిగింది ఇది. క్లాసులో ఆన్‌స్లీ విట్‌లో అని లెక్సింగ్టన్ అమ్మాయి ఉంది. ఇరవై రెండేళ్ళు. పళ్ళ డాక్టరుగారి కూతురు. బయోకెమిస్ట్రీ ఆమెకు మంచినీళ్ళ ప్రాయం. కానీ అనాటమీ ల్యాబ్‌లో చెయ్యి ఆడదు. కత్తి పట్టుకుంటే తెగాల్సింది వదిలి తెగకూడనిది తెంపుతుంది. పక్క బల్ల దగ్గర డెస్సా నరాన్ని దారప్పోగులా విడదీస్తుంటే చూసి, మంగళవారం మధ్యాహ్నం వచ్చి అడిగింది.

"అక్కా, నువ్వు ఎలా చేస్తున్నావు అది? నాది చూడు, కోడి పీకినట్టుంది."

"కత్తి పక్కన పెట్టు. సగం పని వేలితో చెయ్యాలి. తొందరపడితే అది దొరకదు" అంది డెస్సా. చూపించింది. తరవాత, "నాతో ఎందుకులే అమ్మా, గురువారం వెళ్ళిపోతున్నా" అని కూడా అంది.

"ఎందుకు?"

"బయోకెమిస్ట్రీలో యాభై నాలుగు."

ఆన్‌స్లీ పక్క స్టూలు లాక్కుని కూర్చుందట. "నాకు అనాటమీలో యాభై తొమ్మిది. నేనెక్కడికీ వెళ్ళట్లేదు. మా నాన్న ఇంట్లోకి రానివ్వడు. నువ్వు చదివేది ఎలా చదువుతున్నావో చూపించు."

డెస్సా నోటుపుస్తకం చూపించింది. మాస్టారు పలికిన ప్రతి మాటా అందులో ఉంది. పిల్ల నోరెళ్ళబెట్టింది. "ఇదంతా రాశావా? అక్కా, నువ్వు చదవట్లేదు. కోర్టులో గుమస్తాలా రాస్తున్నావు. పుస్తకం మూసి, నీకు తెలిసింది నాకు చెప్పు. చెప్పలేకపోయిన చోటే చదవాలి."

అంతే ఒప్పందం. పొద్దున ఏడింటికి లైబ్రరీలో బయోకెమిస్ట్రీ, మధ్యాహ్నం ల్యాబ్‌లో అనాటమీ. గురువారం ప్రూయిట్ మేడమ్ 'ఊరి నుంచి తిరిగి వచ్చింది'. డెస్సా రాలేదు. నేనే ఆగలేక దారిలో పట్టుకుని అడిగాను. "ఆ ఫారం వెనకవైపు ఖాళీగా ఉంది పిన్నీ. దాని మీద ఆ పిల్ల ఒంట్లో చక్కెర ఎలా కరుగుతుందో బొమ్మ వేసింది. ఇప్పుడు ఎవరికీ ఇవ్వడానికి పనికిరాదు" అంది.

డిసెంబరుకు బయోకెమిస్ట్రీ ఎనభై మూడుకు ఎక్కింది. దరఖాస్తు పెట్టిన చోట ఇంటర్వ్యూకి పిలిచారు. వెళ్ళి వచ్చింది. చేర్చుకుంటామనలేదు, వద్దనీ అనలేదు. వేచి ఉండేవాళ్ళ జాబితాలో పెట్టారు. మిగతా మార్కులు చూసి మేలో చెప్తామన్నారు.

జనవరిలో తల, మెడ పాఠం మొదలైంది. డెస్సా ఎదురుచూసింది దానికోసమే. అంతవరకూ ల్యాబ్‌లో దేహాల మొహాల మీద గుడ్డ కప్పి ఉంటుంది. పాఠాలు మొదలైన రోజే బ్రాంట్లీ మాస్టారు అందరికీ ఒక నియమం చెప్తారు. ఈ దేహాలు ఇచ్చినవాళ్ళు ఈ చుట్టుపక్కల జిల్లాల వాళ్ళే. ఎవరినైనా గుర్తుపట్టినట్టు అనిపిస్తే ఏమీ మాట్లాడకుండా బయటికి వచ్చి ఆయనకు చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరాక అలా ఎవరూ రాలేదు.

ఆ రోజు పదిన్నరకు డెస్సా వచ్చి నా బల్ల ఎదుటి బెంచీ మీద కూర్చుంది. చేతి తొడుగులు తీసేసింది, పైకోటు తియ్యలేదు. మొహంలో నెత్తురుచుక్క లేదు. నేను నీళ్ళు ఇచ్చాను. తాగలేదు.

"ఆవిడ నాకు తెలుసు పిన్నీ" అంది.

నేను గబగబా తలుపు వేసి బ్రాంట్లీ మాస్టారికి ఫోన్ చేశాను. ఆయన వచ్చేలోగా కొంత చెప్పింది. మొహం చూసి గుర్తుపట్టలేదట. చనిపోయినవాళ్ళ మొహాలు, జుట్టు తీసేశాక, మారిపోతాయి. నోరు చూసి గుర్తుపట్టింది. పై వరసలో ఎడమ కోరపన్నుకు బంగారు తొడుగు. దాని లోపలివైపు, తీసిపెట్టుకునే పళ్ళ కొక్కెం కూర్చోడానికి చిన్న గాడి. ఆ గాడి అలా ఏటవాలుగా పెట్టేది లోకంలో స్టాంపర్‌గారు ఒక్కరే. ఆ అచ్చు తీసింది డెస్సానే.

ఆవిడ ఓసీ గిబెర్ట్. డెస్సా చదివిన బడిలో వంటావిడ. మధ్యాహ్నం పూట మొక్కజొన్న రొట్టె అడిగినవాళ్ళకి అడక్కుండానే రెండో ముక్క వేసేదట. నలభై ఏళ్ళు పళ్ళ డాక్టరంటే భయపడి, నవ్వినప్పుడల్లా చెయ్యి అడ్డం పెట్టుకుని బతికింది. చివరికి డెస్సా పక్కన నిలబడి చెయ్యి పట్టుకుంటానంటేనే ఆ కుర్చీలో కూర్చుంది. రెండేళ్ళ కిందట పోయింది. చర్చిలో ఫోటో పెట్టి ప్రార్థన చేశారు, శవపెట్టె లేదు. దహనం చేశారేమో అనుకున్నారంతా.

"జీవితమంతా ఆ నోరు దాచుకుంది పిన్నీ. ఇప్పుడు ముగ్గురు కుర్రాళ్ళు టార్చిలైటు వేసి చూస్తున్నారు. నాకు వాళ్ళని కొట్టాలనిపించింది. పాపం వాళ్ళేం చేశారు."

బ్రాంట్లీ మాస్టారు వచ్చి ఆమె పక్కన బెంచీ మీదే కూర్చున్నారు. ఆయన కబుర్లు చెప్పే మనిషి కాదు. "నిన్ను గది ఆ చివరి బల్లకి మారుస్తాను. ఇవాళ ఇంటికి వెళ్ళు" అన్నారు.

"మారతానండీ. ఇంటికి మాత్రం వెళ్ళను. ఒక్క మాట అడగొచ్చా?"

"అడుగు."

"ఆ బల్ల దగ్గర పిల్లలకి పేరు చెప్పనండీ. ఆవిడ సిగ్గరి, జాగ్రత్తగా చూడమని మాత్రం మీరు చెప్పండి."

ఆయన వెళ్ళి ఏం చెప్పారో నాకు తెలియదు. ఆ బల్ల కుర్రాళ్ళు మాత్రం ఆ రోజు నుంచి పని ముగియగానే గుడ్డ తడిపి, చివరలు సరిగ్గా మడిచి కప్పి వెళ్ళేవాళ్ళు. మిగతా బల్లల వాళ్ళకి అంత ఓపిక ఉండేది కాదు.

మార్చిలో ల్యాబ్ పరీక్ష. అది ఎలా ఉంటుందంటే, ప్రతి బల్ల మీదా ఒక నరానికో ఎముకకో చిన్న జెండా గుచ్చి ఉంచుతారు. పిల్లలు వరసగా బల్ల నుంచి బల్లకు కదలాలి. ఒక్కో దగ్గర ఒక్క నిమిషం. గంట కొట్టగానే ముందుకు. గంట కొట్టేది నేను. ఏడో బల్ల ఓసీది. ముందురోజు బ్రాంట్లీ మాస్టారు డెస్సాను పిలిచి, "ఏడో బల్ల నువ్వు వదిలెయ్యొచ్చు. ఆ ప్రశ్న నీకు వేరే చోట పెడతాను" అన్నారు.

ఆమె ఒప్పుకోలేదు. "మా వైపు ఒకరి ఇంటి ముందు నుంచి వెళ్తూ పలకరించకుండా పోతే తప్పండీ. అందరితో పాటే వెళ్తాను."

పరీక్షలో ఏడో బల్ల దగ్గరకు వచ్చినప్పుడు నేను గడియారం చూడ్డం మానేసి ఆమెను చూశాను. కింది దవడ లోపలివైపు, నాలుక పక్క నుంచి పోయే సన్నటి నరం మీద జెండా ఉంది. డెస్సా వంగి చూసింది. పెదవులు కదిలాయి, ప్రార్థనో ఇంకేదో. తరవాత కాగితం మీద రాసింది. ఇంకా సమయం ఉంటే అక్కడే చేతులు కట్టుకుని నిలబడింది. నేను గంట కొట్టడం నాలుగైదు సెకన్లు ఆలస్యం చేశాననుకుంటా. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు.

ఆ పరీక్షలో ఆమెకు తొంభై ఆరు వచ్చింది. మెడికల్ కాలేజీ పిల్లలతో కలిపి చూసినా పైనుంచి నాలుగో స్థానం. ఆన్‌స్లీకి ఎనభై ఒకటి. ఆ పిల్ల కారిడార్‌లో డెస్సాను చుట్టేసుకుని ఏడ్చింది. "మా నాన్నకి ఫోన్ చేసి చెప్తా, నాకు రెడ్‌బర్డ్ లోయ ట్యూషనని" అంది.

ఏప్రిల్ చివరి శనివారం, దేహాలు ఇచ్చినవాళ్ళ కోసం చిన్న సభ జరుపుతాం. ఇళ్ళవాళ్ళు వస్తారు. పిల్లలు పాటలు పాడతారు, ఎవరో ఒకరు నాలుగు మాటలు చదువుతారు. ఎవరు ఏ బల్ల మీద ఉన్నారో మాత్రం చెప్పం. కేకులు, చికెన్, ఎండు ఆపిల్ పొరల కేకు బల్లల మీద పెడతాం. నేను, డెస్సా కలిసి కుర్చీలు వేస్తుంటే ఒకావిడ వచ్చి ఆగింది. యాభై ఏళ్ళుంటాయి, బస్సు డ్రైవర్ల కోటు వేసుకుంది.

"నువ్వు స్టాంపర్‌గారి దగ్గర పనిచేసే పిల్లవి కదూ? హోబర్ట్ కూతురివి. ఇక్కడ కుర్చీలు సర్దుతున్నావేంటి?"

ఓసీ గిబెర్ట్ కూతురు కోరా. డెస్సా చేతిలో కుర్చీ అలాగే ఉంది.

"ఇక్కడ చదువుకుంటున్నా కోరక్కా" అంది.

కోరా ఆమెను కిందనుంచి పైదాకా చూసింది. ఏదో లెక్క కట్టుకుంటోందని నాకు అర్థమైంది. "అయితే మా అమ్మని..." అని ఆగింది.

నియమం ప్రకారం డెస్సా ఏమీ చెప్పకూడదు. చెప్పలేదు కూడా. కుర్చీ కింద పెట్టి, "మీ అమ్మ దగ్గర నేను చాలా నేర్చుకున్నా అక్కా" అంది. "బడిలో ఉన్నప్పుడు నేర్చుకున్నా. ఆ తరవాతా నేర్చుకున్నా."

కోరా తల ఊపింది. తరవాత నవ్వింది. "అమ్మ ఆ దేహదానం కాగితం మీద సంతకం పెట్టినప్పుడు నేను నానా గొడవా చేశాను. నాన్న సమాధి పక్కనే చోటుంది, నీకెందుకే ఈ పిచ్చి అని. ఏమందో తెలుసా? 'నన్ను ఎనిమిదో తరగతిలో మాన్పించి బడి వంటింట్లో పెట్టారు. ముప్పై ఏళ్ళు మీ అందరికీ వండి పంపాను. చచ్చాకైనా కాలేజీకి పోతాను, అడ్డం రాకు' అంది."

డెస్సా మొహం రెండు చేతులతో కప్పుకుంది. ఏడుస్తోందనుకున్నాను. దగ్గరికి వెళ్తే, ఏడుస్తూనే నవ్వుతోంది. "మంచి మార్కులే తెచ్చుకుంది అక్కా" అంది. కోరా ఆమెను పట్టుకుని అలాగే నిలబడింది. మిగతా కుర్చీలు నేనే వేశాను.

మేలో చదువు ముగిసింది. మార్కులన్నీ కలిపి ఎనభై తొమ్మిది శాతం. ప్రూయిట్ మేడమ్ దంతవైద్య కాలేజీకి ఉత్తరం రాసింది. నేను చాలా ఉత్తరాలు టైపు చేశాను, వాటిలో ఒక పేజీ దాటినవి రెండో మూడో. ఇది రెండు పేజీలు. డెస్సా లోయకు తిరిగి వెళ్ళి మళ్ళీ స్టాంపర్‌గారి పక్కన లైటు పట్టుకుంది. మే గడిచింది, కబురు లేదు. జూన్‌లో రెండు వారాలు గడిచాయి. నాకు ఫోన్ చేసినప్పుడల్లా, "వాన పడుతోందా పిన్నీ" అని వేరే సంగతులు అడిగేది.

జూన్ పందొమ్మిదిన ఆ ఫోన్ వచ్చింది. ఆ సంగతి స్టాంపర్‌గారు నాకు స్వయంగా చెప్పారు. కుర్చీలో వెర్డీ కాడిల్ అనే ముసలాయన నోరు తెరిచి ఉన్నాడు. డెస్సా రెండు చేతులూ ఆయన నోట్లో ఉన్నాయి. బల్ల మీద ఆమె ఫోన్ మోగింది. స్టాంపర్‌గారు నంబరు చూసి, అడక్కుండానే తీసి ఆమె చెవికి ఆనించి పట్టుకున్నారు. డెస్సా, "అవునండీ" అంది. "సరేనండీ" అంది. "ఆగస్టు పదిహేనుకా? వస్తానండీ" అంది. తరవాత ఆయన ఫోన్ తీసేశాక, మళ్ళీ వెర్డీ నోటి వైపు తిరిగి పని పూర్తిచేసింది. చెయ్యి వణకలేదని స్టాంపర్‌గారు రెండుసార్లు చెప్పారు.

నోరు ఖాళీ అయ్యాక వెర్డీ అడిగాడట, "ఏంటమ్మా, ఎవరైనా పోయారా?"

"లేదు బాబాయ్. నేను పళ్ళ డాక్టరు చదువుకి పోతున్నా."

"ఇన్నాళ్ళూ నువ్వు డాక్టరు కాదా?" అన్నాడు ఆయన. "మరి ఈయన ఎందుకున్నాడు ఇక్కడ?"

ఆ సాయంత్రం తండ్రికి చెప్పింది. హోబర్ట్ ఆక్సిజన్ గొట్టం సరిచేసుకుని, వసారాలో కుర్చీ కొంచెం పక్కకి జరిపి ఆమెకు చోటిచ్చాడు. "నాలుగేళ్ళా?" అన్నాడు.

"నాలుగేళ్ళు నాన్నా."

"అయితే నేను కొన్నాళ్ళు సిగరెట్ల జోలికి పోకూడదన్నమాట." ఆయన అది మానేసి అప్పటికే ఏడేళ్ళయింది. ఆ మాటకు తండ్రీ కూతుళ్ళు చాలాసేపు నవ్వుకున్నారట.

స్టాంపర్‌గారు ఆ వేసవిలోనే క్లినిక్ మూసేయాలనుకున్నారు. బోర్డు కూడా దింపించారు. మళ్ళీ ఎక్కించారు. వారానికి మూడు రోజులు చూస్తానని, నాలుగేళ్ళలోగా తనకు ఏమైనా అయితే దానికి డెస్సాదే బాధ్యత అని ఊరంతా చెప్పుకు తిరుగుతున్నారు.

ఇప్పుడామె రెండో ఏడు చదువుతోంది. పోయిన నెల ఒక ఆదివారం మా ఇంటికి బీన్స్, పంది మాంసం వేసి వండిన గిన్నెతో వచ్చింది. ప్లాస్టిక్ పన్ను మీద తొడుగు కోసం చెక్కే పరీక్షలో మొదటిసారి తప్పిందట. పన్ను అంచు ఒకవైపు ఎక్కువ తరిగిందని మళ్ళీ చెక్కమన్నారు. "పద్నాలుగేళ్ళు పక్కన నిలబడి చూసి కూడా తప్పావా" అన్నాను.

"స్టాంపర్‌గారి అలవాటు పిన్నీ, ఆ ఏటవాలు. వాళ్ళకి నచ్చలేదు" అంది. "బుధవారం మళ్ళీ పెడతారు. వాళ్ళకి కావలసినట్టు చెక్కి చూపిస్తాను. ఊళ్ళోకి వచ్చాక నాకు కావలసినట్టు చెక్కుకుంటాను."

గిన్నె మూత తీసి, నాకు ముందు వడ్డించింది.